సుస్థిర విద్యార్థి

మా జిల్లా కేంద్రంలో, కదలకుండా ఉన్నందుకు ప్రశంసాపత్రం పొందిన భవనం ఒకటి ఉంది. భవనాలన్నీ కదలకుండానే ఉంటాయి కదా అని ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతారు. ఉంటాయి. అయితే మిగతా భవనాలకు కమిటీ లేదు.

దాని పేరు సమన్వయ భవనం. ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు వెళ్లే ఉత్తరాలు నేరుగా వెళ్లకుండా చూడడం దాని పని. ఉత్తరం ముందు ఇక్కడికి వచ్చేది, కొంతకాలం ఉండేది, తర్వాత బయల్దేరేది. శాఖలన్నీ కంప్యూటర్లలో ఉత్తరాలు పంపుకోవడం మొదలుపెట్టాక ఈ భవనంతో అవసరం తీరిపోయింది. ఆ సంగతి తెలియజేసే ఉత్తరం కూడా ఈ భవనం మీదుగానే రావలసి ఉండడం వల్ల, ఇక్కడి సిబ్బందికి విషయం అందరికన్నా ఆలస్యంగా తెలిసింది. అప్పటికి దాదాపు అందరూ రిటైరయ్యారు. చివరికి వాచ్‌మన్ కొమురయ్య ఒక్కడే మిగిలాడు.

అదే ఊళ్లో నర్సింగ్ కాలేజీ ఉంది. దానికి హాస్టల్ లేదు. అమ్మాయిలు అద్దె గదుల్లో ఇరుక్కుని, పడుకోవడానికి కూడా వంతులు వేసుకునేవారు. ఒక పక్క మనుషులు లేని భవనం, ఇంకో పక్క భవనం లేని మనుషులు. రెంటినీ కలపాలన్న ఆలోచన రాజధానిలో ఎవరికో వచ్చింది. మంచి ఆలోచన. పాత భవనాన్ని కూల్చకుండా, కొత్త సిమెంటు పెద్దగా వాడకుండా, కరెంటూ నీళ్లూ వృథా కాకుండా పిల్లలకు వసతి చేయాలని ఇంగ్లిష్‌లో ఉత్తర్వు వచ్చింది. దానికి సస్టైనబుల్ స్టూడెంట్ హౌసింగ్ అని పేరు పెట్టారు.

మా జిల్లాలో తెలుగు అమలు గట్టిగా జరుగుతుంది. ఉత్తర్వును వెంటనే తెలుగులోకి తెచ్చారు. 'సుస్థిర విద్యార్థి నివాసం' అన్నారు. తెలుగు ప్రతి తయారయ్యాక ఇంగ్లిష్ ప్రతి చూడకూడదని నియమం. కాబట్టి ఆ తర్వాత జరిగిందంతా తెలుగులోనే జరిగింది.

పనులు చూడడానికి ప్రత్యేకాధికారిగా పురంధర్ గారిని వేశారు. మర్యాదస్థుడు, ఏ మాటనూ తేలికగా తీసుకునే మనిషి కాదు. ఇంజినీరుగా అఫ్జల్ గారు వచ్చారు. భాషా సభ్యురాలు ఒకరు ఉండాలని, హైస్కూల్లో తెలుగు చెప్పే నన్ను తీసుకున్నారు. అమ్మాయిలు చేరాక స్కూలు వేళలు అయ్యాక వార్డెన్‌గా కూడా ఉండాలన్నారు. మా వారు ఆ వేసవిలోనే పోయారు. బడి వదిలాక ఇంటికి కాక ఇంకెక్కడికైనా వెళ్లే పని ఉంటే బాగుండునని నాకు ఉండేది. ఒప్పుకున్నాను.

మొదటి సమావేశంలో పురంధర్ గారు నా వైపు తిరిగారు.

"మేడం, తమరు భాషా సభ్యులు. సుస్థిరము అనగా ఏమి?"

"స్థిరం అంటే కదలనిది సార్. సు అంటే బాగా. కానీ ఈ సందర్భంలో..."

"చాలును మేడం. ధన్యవాదములు."

ఆ 'కానీ' తర్వాత నేను చెప్పవలసింది చాలా ఉంది. కొంత చెప్పాను కూడా. అది మినిట్స్‌లోకి ఎక్కలేదు. మినిట్స్‌లో ఉన్నది ఇది: 'సుస్థిరము అనగా మిక్కిలి కదలనిది అని భాషా సభ్యురాలు ధ్రువీకరించినారు. కావున భవనమందలి ఏ వస్తువునూ దాని స్థానము నుండి కదల్చరాదని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.'

అఫ్జల్ గారు గొంతు సవరించుకున్నారు.

"సార్, మంచాలు వేయాలంటే టేబుళ్లు తీయాలి గదా."

"టేబుళ్లు కదలవు."

"మరి పిల్లలు దేని మీద పడుకోవాలి సార్?"

"టేబుళ్లు ఉన్నవి కదా," అన్నారు పురంధర్ గారు. ఆయన గొంతులో వెటకారం లేదు. ఆయనకు నిజంగానే అక్కడ సమస్య కనపడలేదు.

రెండు టేబుళ్లు దగ్గరకు జరిపితే మంచం వెడల్పు వస్తుంది. కానీ జరపకూడదు. కాబట్టి మనిషికో టేబుల్ ఇచ్చారు. పొట్టివాళ్లకు గుమాస్తాల టేబుళ్లు, పొడుగువాళ్లకు సూపరింటెండెంట్ల టేబుళ్లు. సీట్లు కేటాయించిన రోజు అమ్మాయిలను మార్కుల ప్రకారం కాక ఎత్తు ప్రకారం నిలబెట్టారు.

ఫ్యాన్ల మీద ఒక పూట చర్చ జరిగింది. చివరకు 'ఫ్యాను తిరుగును గాని కదలదు' అని తేల్చి అనుమతించారు. లిఫ్టు రెండు, మూడు అంతస్తుల మధ్య ఎప్పుడో ఆగిపోయింది. భవనంలోకెల్లా అత్యంత సుస్థిరమైన భాగం అదేనని దానికి ఎర్ర రిబ్బను కట్టారు. కప్పు కారే చోట్లను మూయడానికి వీల్లేదు కాబట్టి వాటికి వాననీటి సేకరణ కేంద్రాలని పేరు పెట్టి, కింద బకెట్లు ఉంచారు. సాలెగూళ్లను దులపకుండా జీవవైవిధ్యం కింద చూపించారు.

"సోలార్ పలకలన్నా పెట్టిద్దాం సార్. కరెంటు మిగుల్తది," అన్నారు అఫ్జల్ గారు.

"ఉదయం ఒకచోట, సాయంత్రం ఒకచోట ఉండే సూర్యుని నమ్ముకొని సుస్థిరత ఎట్లు సాధింతుమయ్యా?"

అఫ్జల్ గారు తన డైరీలో ఏదో కొట్టేసుకున్నారు.

అమ్మాయిలు వచ్చారు. గదుల మీద పాత బోర్డులు అలాగే ఉన్నాయి. ఇన్‌వర్డ్ సెక్షన్లో మొదటి ఏడాది పిల్లలు, రికార్డు రూములో రెండో ఏడాది వాళ్లు, సూపరింటెండెంట్ల హాల్లో ఆఖరు ఏడాది వాళ్లు చేరారు. అన్నం విచారణ కౌంటర్ కిటికీలోంచి ఇచ్చేవారు. దాని అద్దం మీద 'భోజన విరామంలో కౌంటర్ మూసివేయబడును' అని రాసి ఉంది. దాన్ని చెరపకూడదు, రాసినదాన్ని పాటించకుండానూ ఉండకూడదు. అందువల్ల భోజనాల వేళ తప్ప మిగతా వేళల్లో భోజనం పెట్టేవారు.

మరుగుదొడ్ల దగ్గర 'అధికారులు', 'సిబ్బంది' అని రెండు బోర్డులు ఉన్నాయి. విద్యార్థులు ఈ రెంటిలోనూ రారు. పురంధర్ గారు రెండు రోజులు ఆలోచించి, వసతిదారులు వంతుల వారీగా గౌరవ అధికారులుగా వ్యవహరించవచ్చని ఉత్తర్వు ఇచ్చారు. పొద్దున్నే వరండాలో వినపడేది.

"ఇయ్యాల ఆఫీసర్లు ఎవరే?"

"కిటికీ పక్క టేబుళ్లోళ్లు."

"నిన్న గూడ మీరే ఉంటిరి గదా."

"నిన్న మేం ఇంచార్జులం. ఇయ్యాల రెగ్యులర్."

ఈ మాట అన్న అమ్మాయి రవళి. ఆఖరు ఏడాది. పొడుగ్గా ఉండడం వల్ల సూపరింటెండెంట్ టేబుల్ దక్కింది. చేరిన వారంలో నా దగ్గరకు వచ్చి కూర్చుంది.

"మేడం, మా అవ్వ ఫోన్ల అడుగుతున్నది, హాస్టల్ల మంచం ఇచ్చిన్రా బిడ్డా అని. లేదవ్వా, సూపరింటెండెంట్ టేబుల్ ఇచ్చిన్రు అన్న. నౌకరి వచ్చిందనుకొని వాడకట్టు మొత్తం చెప్పింది."

"నువ్వు కాదని చెప్పలేదా?"

"ఎట్ల చెప్తం మేడం. చక్కెర గూడ పంచిందట."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ వేసవి తర్వాత మొదటిసారి నవ్వడం అప్పుడేనేమో, సరిగ్గా చెప్పలేను.

ఏదీ కదల్చకూడదన్న నియమం వింతగా ఉందని మా బడి టీచర్లు నాతో అనేవారు. నాకు అంత వింతగా అనిపించేది కాదు. మా ఇంట్లో కూడా మా వారు పోయినప్పటి నుంచి ఏదీ కదల్లేదు. ఆయన కళ్లజోడు టీవీ పక్కన, గొడుగు తలుపు వెనక ఉన్నచోటే ఉన్నాయి. తుడిచేటప్పుడు కూడా చుట్టూ తుడుస్తాను. పురంధర్ గారితో గట్టిగా వాదించడానికి నాకు నోరు రాకపోవడానికి అది ఒక కారణం కావచ్చు.

శీతాకాలంలో రాజధాని నుంచి పరిశీలన బృందం వచ్చింది. వాళ్లు భవనాలకు ఆకులు ఇస్తారు. అయిదు ఆకులు వస్తే అత్యుత్తమం. మాకు నాలుగే వచ్చాయి. ఉదయం చూసినప్పుడు టేబుళ్ల మీద ఉన్న అమ్మాయిలు మధ్యాహ్నం చూసినప్పుడు లేరని, కాబట్టి వసతిలో స్థిరత్వం లోపించిందని ఒక ఆకు కోశారు. ఆ మధ్యాహ్నం వాళ్లు కాలేజీకి వెళ్లారు.

పురంధర్ గారు చాలా బాధపడ్డారు. రెండో సమావేశం పెట్టారు.

"మేడం, 'సుస్థిర విద్యార్థి నివాసం'. ఇందులో సుస్థిర అను విశేషణము దేనికి వర్తించును? నివాసమునకా, విద్యార్థికా?"

"వ్యాకరణం ప్రకారం ఎలాగైనా చెప్పుకోవచ్చు సార్. కానీ..."

"ధన్యవాదములు మేడం. ఇన్నాళ్లూ మనము నివాసమును మాత్రమే పట్టించుకొంటిమి. విద్యార్థి విషయము మరచితిమి. అందుకే ఆకు పోయినది."

"సార్, పిల్లలు కాలేజీకి పోవద్దంటే ఎట్ల?" అన్నారు అఫ్జల్ గారు.

"ఎవరు వద్దన్నారు? ఫ్యాను విషయములో మనము ఏమని తీర్మానించితిమి? తిరుగును గాని కదలదు. విద్యార్థి కాలేజీకి పోయి తిరిగి వచ్చును. అదియు తిరుగుటయే. పండుగకు ఊరు పోయి తిరిగి వచ్చినను తిరుగుటయే. పోయి తిరిగి రాకపోవుట ఉన్నది చూచితిరా, అది కదలిక. దానిని మాత్రమే నిషేధింతము."

ఆ తీర్మానం విన్నప్పుడు నాకు అందులో తప్పు వెంటనే దొరకలేదు. తిరగడం, తిరిగి రావడం, రెండింటికీ ధాతువు ఒకటే. భాష కమిటీ పక్షాన ఉంది.

దాని పర్యవసానం సంవత్సరాంతపు ఆడిట్‌లో బయటపడింది. చరాస్తులు ఒక జాబితాలో, స్థిరాస్తులు ఒక జాబితాలో చూపాలి. సుస్థిర విద్యార్థులను ఎందులో చూపారని ఆడిటర్లు అడిగారు. కదలనిది స్థిరాస్తి, ఇందులో అనుమానం ఏముంది అని పురంధర్ గారు స్థిరాస్తుల్లో చేర్చారు. ఆ జాబితాలో గడులన్నీ నింపాలి. 'నిర్మించిన సంవత్సరం' దగ్గర పుట్టిన సంవత్సరం రాశారు. 'కప్పు రకం' దగ్గర ఏం రాయాలో తెలియక ఆగితే, తలుపు దగ్గర నిలబడ్డ కొమురయ్య "నల్లగుంటది సార్, అందరిది" అన్నాడు. అదే రాశారు.

అమ్మాయిలు దీన్ని చాలా రోజులు ఆటగా తీసుకున్నారు. ఎవరైనా ఆలస్యంగా లేస్తే "లేవకే, స్థిరాస్తివి" అనేవారు. సర్కారు ఉద్యోగాల ఫలితాలు వచ్చేదాకా ఆట బాగానే సాగింది.

ఒక శుక్రవారం సాయంత్రం రవళి పరుగెత్తుకుంటూ వచ్చింది. ఊపిరి తిప్పుకుని, నెమ్మదిగా చెప్పింది.

"మేడం, నౌకరి వచ్చింది. ఈసారి నిజంది. మా మండలం దవాఖానల, కాన్పుల వార్డు."

"మంచి మాట రవళీ."

"మా అక్క కాన్పప్పుడు ఆడ నర్సు లేదని ఈడికి తోలిచ్చిన్రు మేడం. తొవ్వలనే, ఆటోల కన్నది. నేనే పట్టిన బిడ్డను. అప్పటికి నాకు ఏం రాదు. సోమవారం జాయిన్ కావాలె. కాకుంటే లిస్టుల నా కిందున్నోళ్లకు పోతది."

జాయిన్ కావాలంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. అవి కాలేజీలో ఉన్నాయి. హాస్టల్ విడిచినట్టు మేం కాగితం ఇస్తే తప్ప కాలేజీ వాటిని ఇవ్వదు. ఆ కాగితం మీద పురంధర్ గారు సంతకం పెట్టాలి. ఆ సాయంత్రమే ఆమెను వెంటబెట్టుకుని ఆయన దగ్గరకు వెళ్లాను.

ఆయన మనస్ఫూర్తిగా అభినందించారు. తర్వాత రెండు చేతులూ బల్ల మీద పెట్టారు.

"రాజీనామా చేయుటకు ఈ అమ్మాయి ఉద్యోగి కాదు. ఖాళీ చేయుటకు కిరాయిదారు కాదు. స్థిరాస్తి. స్థిరాస్తి విడిచి వెళ్లుటకు మా వద్ద నమూనా లేదు మేడం."

"సార్, చదువు అయిపోయింది. వెళ్లాలి కదా."

"భవనము లేచి వెళ్లిపోవుట తమరు ఎన్నడైనా చూచితిరా?"

"నేను భవనం గాదు సార్," అంది రవళి.

"ఆ విషయము ఆడిట్‌కు ముందు చెప్పవలసినది తల్లీ."

ఆయన మాటలో కాఠిన్యం లేదు. దారి వెతుకుతున్నారు. కాసేపు కళ్లు మూసుకుని, ఒక దారి ఉందన్నారు. స్థిరాస్తి శిథిలమైందని ఇంజినీరు ధ్రువీకరిస్తే దాన్ని తొలగించవచ్చు. అఫ్జల్ గారిని మరునాడు పొద్దున రమ్మన్నారు.

అఫ్జల్ గారు టేపూ, చిన్న సుత్తీ తెచ్చుకుని వచ్చారు. రవళిని చూశాక సుత్తిని సంచిలో పెట్టేశారు.

"ఎక్కడన్నా నొప్పులున్నయా అమ్మా?"

"లేవు సార్. ఉన్నయని చెప్పమంటె చెప్తా."

"చూపు?"

"మంచిగనే ఉన్నది. మనసు పగిలింది, రాసుకోండ్రి."

"అది స్ట్రక్చర్ కిందికి రాదమ్మా."

ఆయన రవళి చుట్టూ ఒకసారి తిరిగి, నిట్టూర్చి, నన్ను పక్కకు పిలిచారు.

"మేడం, ఈ అమ్మాయి ఇంకా నలభై ఏండ్లు ఢోకా లేకుండా నిలుస్తది. శిథిలం అని రాయడానికి నాకేం లేదు. చేయి సంతకం చేస్తది. కానీ శిథిలం అని రాసిన మరునాడు కూల్చివేతకు ఆర్డర్ దానంతట అదే బయల్దేరుతది. ఆ సెక్షన్‌లో ఎవరూ చదవరు, నోటీసు అంటిస్తరు. ఎవరి మీద అంటిస్తరో మీకు తెలుసు."

కాబట్టి ఆ దారి మూసుకుపోయింది. రవళి తన టేబుల్ మీద కూర్చుని కాళ్లు ఊపుతూ ఉంది. చుట్టూ ఉన్న అమ్మాయిలు జోకులు మానేశారు. వాళ్లకూ ఏదో ఒక రోజు ఫలితాలు వస్తాయి.

మధ్యాహ్నం పురంధర్ గారే కబురు పెట్టారు. పాత నియమావళులు ముందేసుకుని ఉన్నారు. భోజనం చేసినట్టు లేదు.

"మేడం, దొరికినది. పరస్పర మార్పిడి దస్తావేజు. ఒక స్థిరాస్తిని ఇచ్చి, దానికి సమానమైన ఇంకొక స్థిరాస్తిని తీసుకొనవచ్చును. మన సంఖ్య తగ్గదు, ఆకులు తగ్గవు. ఈ అమ్మాయి స్థానములో ఇంకొక సుస్థిర విద్యార్థి రావలెను. అంతే."

"ఎన్నాళ్లకు సార్?"

"స్థిరమునకు ఎన్నాళ్లు అను ప్రశ్న ఉండదు కదా."

బయట అద్దె గదుల్లో ఉన్న అమ్మాయిలను అడిగించాం. ఎవరూ రామన్నారు. వాళ్లను తప్పు పట్టలేం. వాళ్లకు వెళ్లవలసిన చోట్లు ఉన్నాయి. దస్తావేజు రాయించవలసిన రిజిస్ట్రేషన్ ఆఫీసు సాయంత్రానికి మూస్తారు. మరునాడు ఆదివారం.

"సార్, విద్యార్థి అంటే విద్యను అర్థించేవారు," అన్నాను. "అందులో వయసు లేదు."

పురంధర్ గారు తలెత్తారు. "ధ్రువీకరించుచున్నారా?"

"ధ్రువీకరిస్తున్నాను."

"కానీ అను మాట ఏమైనా ఉన్నదా మేడం?"

"లేదు సార్."

ఆయన కలం తీసి, మళ్లీ కింద పెట్టారు. "తమరు ఎక్కడికైనా వెళ్లవలసిన అవసరము?"

"లేదు."

"తమ కొరకు ఎవరైనా..."

"లేరు సార్."

ఆయన ఫైలు మీద చాలా సేపు ఏదో రాశారు. ఆయన చేతిరాత ఆ రోజు అంత బాగా లేదు.

ఈ సంగతి తెలిసి రవళి నా మీద మండిపడింది.

"మీకేమన్న పిచ్చా మేడం? నేను పోవుడేంది, మీరు ఆస్తి అయ్యుడేంది? వద్దు. నౌకరి పోతె పోనియ్యుండ్రి, మళ్ల వస్తది."

"ఆ వార్డు మళ్లీ వస్తుందా?"

సర్దిన సంచిని కాలితో పక్కకు నెట్టింది.

"నేను రోజూ బడికి వెళ్లి తిరిగి వస్తాను. అది తిరగడమే, కదలడం కాదు. ఇప్పుడు చేస్తున్నదీ అదే. నాకు కొత్తగా మారేదేమీ లేదు."

"టేబుల్ మీద పండుకోవాలె మేడం."

"సూపరింటెండెంట్ టేబులే కదా."

"మీరు అంత పొడుగు లేరు," అంది. అని కొంగులాగా చున్నీతో మొహం తుడుచుకుంది.

రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట టార్పాలిన్ కింద దస్తావేజులు రాసే భద్రయ్య కూర్చుంటాడు. పురంధర్ గారి ఉత్తర్వును పైనుంచి కిందిదాకా చదివాడు. ఆశ్చర్యపోలేదు. ఆ ఆఫీసు ముందు కూర్చునేవాళ్లు ఆశ్చర్యపడడం ఎప్పుడో మానుకుంటారు.

"మార్పిడి దస్తావేజు గదా. రెండు ఆస్తులకు హద్దులు కావాలె. నాలుగు దిక్కులు నాలుగు పేర్లు. ఒక్కటి తక్కువున్నా లోపల సాబ్ వాపస్ కొడ్తడు. ముందుగాల అమ్మాయిది. తూర్పుకు ఏమున్నది బిడ్డా?"

రవళి నా వైపు చూసింది. చెప్పమని తలూపాను.

"మా అవ్వ," అంది.

"పేరు?"

"రాజవ్వ."

"హద్దు కదలొద్దు మరి. ఎటన్న పోతదా మీ అవ్వ?"

"ఎటు పోతది సార్. బీడీలు చుట్టుకుంట అర్గు మీదనే కూసుంటది."

"మంచి హద్దు," అని రాసుకున్నాడు. "పడమర?"

"మా అక్క. ఆమె బిడ్డ."

"ఇద్దరిల ఒకరిని చెప్పు."

"బిడ్డనే రాయుండ్రి. సాయిశ్రీ."

"ఉత్తరం?"

"మండలం దవాఖాన."

"సర్కారు దవాఖాన. దక్షిణం?"

"ఈ హాస్టల్ల పక్క టేబుల్ పిల్ల, సుహాసిని. అదొక్కతే నిన్నటి సంది అన్నం తింటలేదు."

భద్రయ్య సుహాసిని పేరు మాత్రం రాసుకున్నాడు. ఒక కాగితం నిండింది. ఇంకో కాగితం తీశాడు. లోపల గుమాస్తా కిటికీలోంచి, టైం అయిపోతుంది తొందరగా కానివ్వమని కేకేశాడు. రవళి సంచి ఆమె కాళ్ల దగ్గర ఉంది. సాయంత్రం బస్సు దొరికితే మరునాడు ఊళ్లో ఉంటుంది, సోమవారం పొద్దున్నే వార్డులో ఉంటుంది. కాలేజీ ఆఫీసులో సర్టిఫికెట్లు ఇప్పించడానికి అఫ్జల్ గారు అక్కడి గుమాస్తాను కదలనివ్వకుండా కూర్చోబెట్టి ఉంచారు.

"ఇగ మీది మేడం. తూర్పు?"

"అది తర్వాత చెప్తాను. పడమర మా చెల్లెలు, వాగ్దేవి."

"ఉత్తరం?"

"బడి."

"దక్షిణం?"

"రోడ్డు."

"రోడ్డున్నదా, మంచిది. జాగకు విలువ ఉంటది. తూర్పు?"

"ఖాళీ స్థలం," అన్నాను.

"ఎవరిది?"

"ఖాళీగా ఉంది, అంతే."

"ఖాళీ జాగకైనా మనిషి పేరుండాలె మేడం. లేకుంటే సర్కారు జాగ అని రాసుకుంటరు. తర్వాత మీరు ఎంత మొత్తుకున్నా మీ దిక్కు కాదు."

"సర్కారుది కాదు."

"మరి పేరు చెప్పుండ్రి."

"కాగితం ఇటివ్వండి, రాసిస్తాను."

"దస్తావేజు మీద నా రాతే ఉండాలె. మీరు చెప్పుండ్రి, నేను రాస్త."

లోపలి నుంచి గుమాస్తా ఇంకోసారి కేకేశాడు.

ఆ పేరు నేను చాలా కాగితాల మీద రాశాను. ఆసుపత్రి కాగితాల మీద, ఆ తర్వాతి కాగితాల మీద కూడా రాశాను. పైకి మాత్రం ఎప్పుడూ అనలేదు. మా అమ్మ అనలేదు, అత్తగారు అనలేదు, నేనూ అనలేదు. ఏమండీ అంటే పలికేవారు కాబట్టి అవసరం రాలేదు.

"శేషగిరి," అన్నాను.

భద్రయ్య కలం ఆపాడు.

"చిన్న శ నా, పొట్ట చీల్చిన షా మేడం?"

"రెండూ ఉన్నాయి. మొదట శ, తర్వాత ష."

అతను నెమ్మదిగా రాసి, కాగితం నా వైపు తిప్పి చూపించాడు. తప్పు లేదు. సరేనని తల ఊపాను. రవళి వంగి సంచి అందుకుంది.